దంతకాష్ఠ శబ్దార్థ విచారము

వ్యాకరణము చదివినవారికి దంతశబ్దము చెవినిఁ బడఁగానే తవర్గమును, లకార సకారములును స్ఫురించును. ప్రకృత వ్యాసమునకు విషయము ఆ దంత్యవర్ణములు గావు. వాని కుత్పత్తిస్థానమైన దంతములను బ్రతిదినము శుద్ధిచేయు పుల్లకు మన పూర్వు లిడిన పేళ్లు. దంతకాష్ఠము, దంతధావనము, దంతపవనము అని సంస్కృతమునందును, పలుదోముపుల్ల, పందుంపుల్ల అని తెనుఁగునందును వ్యవహరింపఁబడు నీ వస్తువు మిక్కిలి యల్పమైనది. వెలపెట్టి కొనవలసినదియుఁ గాదు. అయినను వైద్యులును, ధర్మశాస్త్రకారులును, బౌద్ధజైన యతులును దీనినిగూర్చి నియమములు చేసిరి. దీని పేరు దేశాంతరములకుఁ బోయి, అచ్చట వేఱొక చెట్టు పేరుగా మాఱి, తుదకు వేఱొక వస్తువునకే పేరైనది. ఈ చరిత్ర మెఱుఁగనిచో గ్రంథములలోని కొన్ని విధినిషేధముల యర్థము తాఱుమాఱగును. మఱియు మన యిండ్లలోని పందుంపుల్ల యను పదము గ్రామ్యమా, సాధువా యను సంశయము బాలురకుఁ బాఠము చెప్పువారికిఁ దోఁపక మానదు. కావున రెంటిని నిచ్చట వరుసగా విచారింతము.

మొదట దంతకాష్ఠ శబ్దమును జూతము. దంతమును గాష్ఠమును గలిసి తత్పురుషమైన దనుట స్పష్టమే. ఏ తత్పురుషమనునదియే ప్రశ్నము. దంతములకొఱకైన కాష్ఠము గదా యని చతుర్థీతత్పురుషము చెప్పుట పలువురకు సహజముగాఁ దోఁచును. కాని పాణినీయ సంప్రదాయమున తాదర్థ్యమునందలి చతుర్థీసమాసము ప్రకృతివికృతిభావ మున్నచోటనే కలుగునని నిర్ణయము. యూపదారు వన్నచోట దారువు యూపముగా మాఱును. కనుక నది చతుర్థీసమాసము. అశ్వఘాస మన్నచోట గడ్డి గుఱ్ఱముగా మాఱదు. కనుక నిట్టివి షష్ఠీసమాసములే యని భాష్యకారుని మతము. దంతకాష్ఠమును అశ్వఘాసము వంటిదే. దీనిని యూపదారువు వలెఁ జతుర్థీసమాసముగాఁ గొన్నచో, దంతములు చేయుటకై తెచ్చిన కఱ్ఱ యను నర్థము వచ్చి, పండ్లూడిన వృద్ధులకుఁ గృత్రిమదంతములు చెక్కు వడ్లవాని పనికి సంబంధించిన పదమగును! కావున దంతములకు సంబంధించిన కాష్ఠమని షష్ఠీవిగ్రహమే యుక్తము. ఆ సంబంధ మెట్టిదో సమాసము చెప్పదు; లోకవ్యవహారమే చెప్పవలెను. ఈ సంగతిని జ్ఞాపకమం దుంచికొనవలెను. తెనుఁగుపదమును విచారించునపుడు దీనితోఁ బని పడును.

ఇఁక దంతధావనము. ధావుధాతువునకు గతియు శుద్ధియు నని రెండర్థములు. పరుగెత్తుట తెలుపు ధావన మొక్కటే బాలురకుఁ బరిచితము గనుక, రెండవ యర్థమును వారికి స్పష్టముగాఁ జెప్పవలసియుండును. దీనిపై వచ్చిన ల్యుట్ ప్రత్యయము భావమునందును, కరణాధికరణములయందును గలుగును. కావున దంతధావన మనఁగాఁ బండ్లు తోముకొనుట యను క్రియయుఁ గావచ్చును, తోముకొనుటకు సాధనమైన పుల్లయుఁ గావచ్చును. కరణార్థ మూహామాత్రము గాదు, ప్రయోగసిద్ధమైనది. వాత్స్యాయనుని కామసూత్రములలో నాగరకుని ప్రాతఃకాలకృత్యములు చెప్పుచోట దంతధావనము గ్రహించినవాఁ డని యున్నది. గ్రహింపఁబడునది పుల్ల గాని క్రియ గాదు. విష్ణుస్మృతియందు మోదుగదంతధావనమును నిషేధించుచోట క్రియ అదధాతువు. దంతధావనము తినరాదని యక్షరార్థము. అచ్చటను దంతధావనము పుల్లయే. అమరసింహుఁడు వనౌషధివర్గమున ఖదిరమునకు, అనఁగాఁ జండ్రచెట్టునకు, దంతధావనమను పర్యాయమును జెప్పినాఁడు. పుల్లపేరు పుల్ల నిచ్చు చెట్టునకు సంక్రమించినదన్నమాట. ఇట్లొక్క శబ్దమునకే క్రియ, సాధనము, వృక్షము అని మూఁ డర్థము లేర్పడినవి. అర్థతాత్పర్యము వ్రాయువారు ప్రతిచోటను "పండ్లు తోముకొనుట" యని యొక్క యర్థమునే వ్రాయుచుఁ బోయినచోఁ జెట్టు పేరైనచోట అర్థమే కుదురదు.

దంతపవనమును ఇట్టిదే. ఇచ్చట ధాతువు శుద్ధ్యర్థకమైన పూఞ్. చరకసంహిత యీ శబ్దమునే వాడినది. పాలిభాషలో నిది దంతపోన మైనది. అర్ధమాగధిలో దంతవణ మైనది. హిందీవారు నేఁడును వాడు దాతౌన్, దాతున్ అను మాటలు ఈ కుటుంబములోనివే.

ఈ పుల్లతో నన్వయించు క్రియ మఱింత విచిత్రమైనది. చరకుఁడు దంతపవనమును భక్షింపవలెననును. స్మృతికారుఁడు అదధాతువును వాడెను. పాలి వినయపిటకము ఖాదధాతువును వాడినది. మూఁటికిని దినుట యనియే ప్రసిద్ధార్థము. కాని పుల్లను మ్రింగుమని యెవరును విధింపరు గదా! కొన నమలి కుంచెవలెఁ జేయుటయే యచ్చట భక్షణము. ఈ క్రియాప్రయోగమువలన భిక్షువులలో నొక సందేహము గలుగుట కవకాశ మున్నది: ఇయ్యక తీసికొన్న యాహారము భిక్షువు నోటఁ బెట్టరాదు, అట్లైనఁ బుల్లయు నెవరైన నియ్యవలయునా? ప్రాతిమోక్షమున నీ నియమము చెప్పుచు, నీరును దంతపోనమును దప్ప నని స్పష్టముగా మినహాయించి యున్నారు. తినుట యను క్రియ దీనియందు రూఢమై యుండుటచేతనే యీ మినహాయింపు కావలసివచ్చె నని నా తలంపు.

వైద్యగ్రంథములు చెప్పిన లక్షణములు స్పష్టములు. చరకుఁడు కషాయ కటు తిక్త రసములు గల పుల్లను, కొన నలుగఁగొట్టి, చిగుళ్లకు బాధ గలుగకుండ, దినమునకు రెండుమాఱులు వాడుమనెను. ఆయన పేర్కొన్నవి కరంజము (కానుగ), కరవీరము (గన్నేరు), అర్కము (జిల్లేడు), మాలతి (జాజి), కకుభము (మద్ది), అసనము (వేఁగిస). సుశ్రుతుఁడు చికిత్సాస్థానమునఁ బండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును గలిగి, వంకరయు, ముడులును, గాయములును లేని పుల్లను జెప్పి, రసమున కొక్కటి చొప్పున శ్రేష్ఠవృక్షమును నిర్ణయించెను: తిక్తమున నింబము (వేఁప), కషాయమున ఖదిరము (చండ్ర), మధురమున మధూకము (ఇప్ప), కటువునఁ గరంజము (కానుగ). వాగ్భటుఁడు అష్టాంగహృదయమున మఱ్ఱిని గూడఁ జేర్చెను. గొంతు, దవుడ, పెదవి, నాలుక వీనియందు రోగము గలవారును, దగ్గు, వగర్పు, ఎక్కిళ్లు, వమనముచే బాధపడువారును పుల్ల వేసికొనరాదని సుశ్రుతుని నిషేధము. గన్నేరు సర్వాంగములును విషయుక్తములని నేఁడు తెలిసియున్నది. జిల్లేటిపాలు నోటికిఁ గంటికిని హానికరములు. కావున గ్రంథమునం దున్న దన్నమాత్రమున వీనిని బాలురచే నోటఁ బెట్టింపరాదు. శబ్దార్థము చెప్పువాఁడు ఈ హెచ్చరికను గూడఁ జెప్పవలసినవాఁడే.

ధర్మశాస్త్రములలో నీ వస్తువు శౌచమునకుఁ జేరినది. పాడ్యమి, షష్ఠి, నవమి, పర్వదినములయందును, శ్రాద్ధోపవాసదినములయందును దంతకాష్ఠము పనికిరాదనియు, నప్పుడు పండ్రెండుమాఱులు నీరు పుక్కిలించి యుమియవలెననియు నిబంధకారులు వ్రాసిరి. నిషేధము పుల్లకే గాని నోటి శుద్ధికిఁ గాదని దీనివలననే స్పష్టము. దంతధావనమునకుఁ గ్రియార్థ మొక్కటే యెఱిఁగినవాఁడు ఈ వాక్యములు చదివి, నెలలో నిన్నిదినములు పాచినోటితో నుండుమని శాస్త్రము చెప్పినదని యపార్థము చేసికొనును. సాధనార్థ మెఱిఁగినవానికి విరోధమే లేదు.

వరాహమిహిరుఁడు బృహత్సంహితలో దంతకాష్ఠలక్షణమని యొక యధ్యాయమే వ్రాసి, ఏ చెట్టు పుల్ల కే ఫలమో, వాడి పాఱవేసినపుడు ఏ తీరునఁ బడిన నే శకునమో చెప్పెను. గౌతమధర్మసూత్రములు బ్రహ్మచారి విడువవలసినవానిలో గంధమాల్యములతోడను స్నానముతోడను దంతధావనమును జేర్చినవి. జైనులలో దిగంబరమునుల యిరువదియెనిమిది మూలగుణములలో దంతధావనము చేయకుండుట యొకటి. శ్వేతాంబరుల దశవైకాలికసూత్రము దంతవణమును మునికిఁ గూడనివానిలోఁ బేర్కొన్నది. ఈ మతములవారు దానిని శౌచముగాఁ గాక, యలంకారముగాను భోగముగాను దలఁచి నిషేధించిరని పరిగణితములైన తోడి వస్తువులవలనఁ దెలియుచున్నది. బౌద్ధుల దృష్టి దీనికి విరుద్ధము. చుల్లవగ్గమునఁ బుల్ల నమలనివానికిఁ గలుగు దోషములైదు చెప్పఁబడినవి: కన్నులకు మంచిది గాదు, నోరు కంపుగొట్టును, రుచినాళములు శుద్ధిపొందవు, పిత్తశ్లేష్మములు అన్నమును గప్పును, అన్నము రుచింపదు. నమలినవానికి గుణములును అయిదే. పొడవైన పుల్లలతో భిక్షువులు సామణేరులను గొట్టఁగా నెనిమిదంగుళములకు మించరాదనియు, మఱీ పొట్టిపుల్ల యొకని గొంతున నడ్డుపడఁగా నాలుగంగుళములకుఁ దక్కువ యుండరాదనియు నియమములు పుట్టెను. ఉదయమున గురువునకు దంతకాష్ఠమును, ముఖప్రక్షాళనమునకు నీరును ఇచ్చుట శిష్యుని ధర్మములలో మొదటిది.

ఈ వినయనియమములతోడనే దంతకాష్ఠము చీనాదేశమునకుఁ బోయెను. అచ్చట ననువాదకులు దీనికి యాంగ్‌జి యను పదమును వాడిరి. యాంగ్ అనఁగా నింగ్లీషువారు విల్లో యని పిలుచు జాతి చెట్టు. జి యనఁగాఁ గొమ్మ. క్రీ. శ. 399లో చీనానుండి బయలుదేఱి మనదేశమును జూచిన ఫాహియాను, బుద్ధుఁడు నమలి నేలఁ గ్రుచ్చిన పుల్ల చెట్టై యేడుమూరలు పెరిగినదని యొక పట్టణమును వర్ణించుచు, ఆ పుల్లను యాంగ్‌జి యనియే వ్రాసెను. 671లో బయలుదేఱి, నాలందయందు బహుసంవత్సరములు చదివి, 695లో స్వదేశము చేరిన ఇత్సింగు మాత్ర మీ పేరు నొప్పుకొనలేదు. ఆయన తన గ్రంథమున దంతకాష్ఠ శబ్దమును దంతమని, కాష్ఠమని విడఁదీసి యర్థము చెప్పి, పొడవు పండ్రెండంగుళములనియు, ఎనిమిదింటికిఁ దగ్గరాదనియు, లావు చిటికెనవ్రేలంత యనియు వ్రాసెను. ఆ చెట్టు భారతదేశమున మిక్కిలి యరుదనియు, నాలందయందుఁ దాను కన్నులారఁ జూచిన బుద్ధుని దంతకాష్ఠవృక్షము అది కానేకాదనియు, అనువాదకులు వాడినంతమాత్రమున నా పేరు సరియైనది కాదనియు స్పష్టముగాఁ జెప్పెను. పరదేశీయుఁడయ్యు శబ్దార్థములయందు ఇంతటి శ్రద్ధ చూపిన యీ భిక్షువు పండితులకు వందనీయుఁడు.

ఆయన మాట గెలువలేదు. యాంగ్‌జి యను పదమే నిలిచి, జపానుదేశమునకుఁ బోయి యోజి యైనది. 1223లో చీనాకుఁ బోయిన జపాను బౌద్ధాచార్యుఁడు దోగెన్, అచ్చటివారు పుల్ల నమలుట మఱచిరనియు, కొందఱు కొమ్ముపిడికి గుఱ్ఱపువెండ్రుకలు గ్రుచ్చిన కుంచెలతోఁ దోముకొనుచున్నారనియు, వారి నోరు దుర్గంధముగా నున్నదనియు వ్రాసి, తన శిష్యులకుఁ బుల్లనే విధించెను. జపానులో నిటీవలి శతాబ్దములలోఁ గొన కుంచెగాఁ జేసిన పుల్ల ఫుసయోజి యను పేర వాడుకలో నుండెను. నేఁడు అచ్చట యోజి యనఁగా సామాన్యముగా భోజనానంతరమునఁ బండ్లసందులు కుట్టుకొను సన్నని పుడక. ఇట్లు మన దంతకాష్ఠము మొదట చెట్టును మార్చుకొని, పిదప నాకారమును, బ్రయోజనమును, వేళను గూడ మార్చుకొనెను. ఉదయమున నమలవలసినది భోజనముపై గ్రుచ్చుకొనునదైనది. మొదట అనువాదకుఁడు విశేషవృక్షమును జొప్పించిన దొక్క పదమునందే. దాని ఫల మిచ్చటి దాఁక వచ్చినది.

ఇఁక మన తెనుఁగు. ద్రావిడభాషలలో దంతవాచకము పల్. అరవమునఁ బల్, కన్నడమున హల్లు. తెనుఁగున నేకవచనము పన్ను, బహువచనము పండ్లు. ప్రాచీనమైన పలురూపము పలువరుస, పలుదోము మొదలగు సమాసములలో నిలిచియున్నది. పలు తోము అన్నపుడు ప్రథమమీఁది పరుషమునకు గసడదవాదేశమువలన దకారము వచ్చి పలుదోము అగుట బాలవ్యాకరణము చదివిన బాలునకుఁ గూడ దెలియును. పలుదోముపుల్ల యన్నచో తోము అనునది తద్ధర్మార్థక విశేషణము. పలు దోమెడు పుల్ల యని యర్థము. సంస్కృతసమాసము దంతమునకును గాష్ఠమునకును గల సంబంధమును జెప్పక లోకమునకు వదలివేయఁగా, తెనుఁగుసమాసము క్రియను నడుమ నిలిపి యా సంబంధమును నోరార చెప్పినది. యూపదారు సంశయము తెనుఁగున పుట్టనే పుట్టదు.

పందుంపుల్ల యను రూపమున పన్ను, తోము, పుల్ల యను మూఁడవయవము లున్నవి. పన్నులోని నకారము బిందువై నిలిచినది, తకారము సరళమైనది, ఓకారము పదమధ్యమున హ్రస్వమై యుకారమైనది. పదమధ్యమున దీర్ఘ మిట్లు హ్రస్వమగుట కపూర్వత లేదు. పది తూములు పందు మగును, ఏను తూములు ఏదు మగును. ఇచ్చటను తకారము దకారమై, తూలోని దీర్ఘము హ్రస్వమైనది. ఈ కొలతపేరు పందుమును, పందుంపుల్లలోని పందుమును జెవి కొక్కటిగానే వినఁబడును గాని, పుట్టువు వేఱు. పది తూముల ధాన్యమునకును వేఁపపుల్లకును సంబంధము వెదకఁ బనిలేదు. సంబంధము లేకపోయినను ఒకటి రెండవదానికి సాక్షి యగుచున్నది. కొలతపేరును నిఘంటువులలోఁ జేర్చి యాదరించువారు, అదే తెఱఁగున మార్పునొందిన పందుంపుల్లను గ్రామ్యమని త్రోసివేయుట న్యాయము గాదు.

వాడుక రీతిని జూచినను ఇది జీవముగల పదమని తెలియును. కోస్తాజిల్లాలలో "పందుంపుల్ల వేసికొనుట" యందురు; పుల్ల నమలుట మొదలు నాలుక గీసికొనుట వఱకు నంతయు నీ మాటలో నణఁగును. తెలంగాణమునఁ బండ్లపుల్ల యను వాడుక గలదు. "మొగము కడిగికొంటివా?" యని తల్లి బిడ్డ నడుగునపుడు, ఆమె యడుగునది తఱచుగా మొగమునుగూర్చి కాదు, పండ్లనుగూర్చి. ఇందు మొగమనఁగా నోరు. సంస్కృతమున ముఖశబ్దమునకుఁ బ్రధానార్థమును నదియే. కావున నీ వాడుకయు నపశబ్దము గాదు; ప్రాచీనార్థమే యింటింట నిలిచియున్నది.

పల్లెలలోఁ బుల్లను జేనెడు పొడవున విఱుతురు. జేన యనఁగా పండ్రెండంగుళములు. సుశ్రుతుని గ్రంథము పేరైనను వినని కాఁపు ఆయన చెప్పిన కొలతనే చేతితోఁ గొలుచుచున్నాఁడు. తిక్తములలో వేఁప శ్రేష్ఠమన్న వాక్యమును నాలుకతో నెఱిఁగి, యితరవృక్షము లెన్ని యున్నను వేఁపవద్దకే పోవును. వేఁప దొరకనిచోఁ గానుగ, తుమ్మ, మఱ్ఱియూడ, ఉత్తరేణివేరు. అరవదేశమున మఱ్ఱియుఁ దుమ్మజాతి చెట్టును బండ్లకు బలమని సామెతయే కలదు. తోముట ముగిసిన పిదపఁ బుల్లను నిలువునఁ జీల్చి, వంచి, నాలుక గీసికొందురు. ఇత్సింగు చెప్పినదియు నిట్టి పద్ధతియే. సుశ్రుతుఁడు దీనికే జిహ్వానిర్లేఖనమని పేరిడి, బంగారుదో, వెండిదో, కఱ్ఱదో, పదియంగుళముల మెత్తని బద్ద చెప్పెను, మనకు నాలుకబద్ద. కచ్చికబూడిదయు, బొగ్గుపొడియు, ఉప్పును బుల్లకుఁ దోడుగా వచ్చినవి. మహమ్మదీయులు సున్నతుగా భావించు మిస్వాకు పీలువృక్షపు పుల్ల. అరబ్బీభాషలో నది తోముట యను నర్థము గల ధాతువునుండి పుట్టిన కరణవాచకము. మన ధావనశబ్దమునకు దానికిని గల యీ సామ్యము గమనింపఁదగినది: రెండును సాధనమును దాని క్రియతోఁ బిలుచుచున్నవి.

1938లో నైలాను కుచ్చుల బ్రష్షు వెలువడిన పిమ్మటఁ గ్రమముగాఁ బుల్ల మన పట్టణములనుండి తొలఁగినది. "బ్రష్షు చేసికొనుట" యని సాధనముపేరే క్రియకు వచ్చినది. దంతధావన శబ్దమునందు క్రియకును సాధనమునకును నున్న యభేదమే యిచ్చటను గన్పట్టుచున్నది. వస్తువు పోయినయెడల పేరును బోవుట లోకస్వభావము. పోక మునుపే దానిని లిఖించియుంచుట నిఘంటుకర్తల పని.

కావున నా నివేదనము మూఁడు మాటలు. దంతధావనమునకు క్రియ, పుల్ల, చండ్రచెట్టు అను మూఁడర్థములను నిఘంటువులలో విడివిడిగాఁ జూపవలెను. దంతకాష్ఠమునకు అర్థము వ్రాయునపుడు వేఁపపుల్ల యని యొక్క చెట్టు పేరు చొప్పింపక, పలుదోముపుల్ల యని సామాన్యముగా వ్రాయవలెను. చీనా యనువాదకుల చరిత్రము మన కందులకుఁ జాలును. పందుంపుల్లను దేశ్యశబ్దములలో సాధువుగా నంగీకరింపవలెను. రాయలసీమయందును, ఉత్తరాంధ్రమునందును, తెలంగాణమునందును, తమిళ కన్నడ దేశములలోని తెనుఁగువారియందును ఈ పుల్లకును, నాలుకబద్దకును, తోముకొనుటకును గల పేళ్లను, వాని యుచ్చారణతోఁ గూడ, పాఠకమహాశయులు పత్రికకు వ్రాసి పంపినచో, పన్ను, పలు, పండ్లు అను మూఁడు రూపములలో నేది యే సీమయందు సమాసములలో నిలిచినదో నిర్ణయించుట కవకాశము గలుగును.